చెట్టును చావనివ్వని మనం

మన అడవుల్లో చెట్టుకు ముసలితనం లేదు. మొక్కగా ఉన్నప్పుడు ఫొటో దిగుతాం, మానయ్యాక చుట్టుకొలత వేస్తాం, ఎండితే నరుకుతాం. పుట్టిన చోటే ముదిరి, ఎండి, పుచ్చి, ఏళ్ల తరబడి నిలువునా శిథిలమై మట్టిలో కలిసే అదృష్టం పెద్ద చెట్లలో ఎన్నిటికి మిగిల్చామో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేం. సరిగ్గా ఆ అదృష్టం మీదే బతికే పక్షి ఒకటి మన తూర్పు కనుమల్లో ఉంది. దాని మీద వల వేసిందీ తుపాకీ ఎత్తిందీ తక్కువే. దాని ఇంటిని మాత్రం కట్టెల లెక్కలో రాసుకున్నాం. ఆ లెక్కకు సంజాయిషీ చెప్పుకోవలసిన సమయం దాటిపోతోంది. ఇక్కడ ‘మనం’ అన్న ప్రతిచోటా నేనున్నాను. నాతోపాటు అటవీ శాఖ, పత్రికలు, పర్యాటకులు, పర్యావరణ సభల్లో ఉపన్యాసాలిచ్చే మిత్రులు, ఆ ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టేవాళ్లు అందరూ ఉన్నారు.

ఆ పక్షి తెల్లపొట్ట వడ్రంగి పిట్ట. శాస్త్రీయ నామం డ్రయోకోపస్ జావెన్సిస్. పెరట్లో కొబ్బరిచెట్టు మీద టకటకలాడే బంగారు వీపు పిట్టను బట్టి దీన్ని ఊహించుకోవద్దు. ఇది కాకి కన్నా పెద్దది, అర మీటరుకు కాస్త తక్కువ పొడవు. ఒళ్లంతా బొగ్గు నలుపు, పొట్ట తెలుపు, ఎగిరినప్పుడు నడుము మీద మరో తెల్లటి మచ్చ కనబడుతుంది. మగదానికి నుదుటి నుంచి మెడ వెనక దాకా నెత్తురు రంగు జుట్టు, చెంప మీద ఎర్రటి చార. ఆడదానికి తల వెనక భాగం మాత్రమే ఎరుపు. భారతదేశంలో పడమటి కనుమలు, తూర్పు కనుమలు, బస్తర్ అడవులు దీని నివాసం. ఇక్కడి నుంచి బర్మా, థాయ్‌లాండ్, మలేసియా, జావా, బోర్నియో, ఫిలిప్పీన్స్ దాకా ఎత్తయిన చెట్లున్న ఉష్ణమండలపు అడవుల్లో దీని బంధువర్గం ఉంది. జావా పిట్టకు 1821లో హార్స్‌ఫీల్డ్ పేరు పెట్టాడు. మన దక్షిణాది రకాన్ని 1840లో మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డన్ వర్ణించాడు. ఆ జెర్డన్ పేరే తర్వాత మన కలివికోడికీ పెట్టారు.

దాని పనితనం దగ్గరగా చూడాలి. నిలువునా ఎండిన నల్లమద్ది మాను ఒకటి ఉందనుకోండి. బెరడు అక్కడక్కడా లేచి ఉంటుంది. జంట వస్తుంది, ఒకదాని వెనక ఒకటి, కాకిలా బరువుగా రెక్కలాడిస్తూ. అడవంతా వినబడేలా ఒక్క గట్టి కేక. మాను మీద వాలగానే బిరుసైన తోక ఈకలను చెక్కకు ఆనిస్తుంది. రెండు వేళ్లు ముందుకీ రెండు వెనక్కీ తిరిగిన పాదాలతో పట్టు బిగిస్తుంది. వెంటనే పొడవడం మొదలుపెట్టదు. లేచిన బెరడు కిందికి ముక్కు దూర్చి పక్కకు పెకలిస్తుంది. అరచేయంత పెచ్చులు గిరగిరా తిరుగుతూ కిందికి రాలతాయి. చెట్టు మొదట్లో నిలబడితే మన భుజాల మీద పొడి పడుతుంది. బెరడు కింద దాక్కున్న చీమలు, చెదలు, పెంకుపురుగులు దానికి మొదటి విడత భోజనం. ఆ తర్వాత అక్కడక్కడా తట్టి చూస్తుంది. లోపల పురుగు తొలిచిన దారి ఎక్కడుందో తేల్చుకుని, మెడ వెనక్కి లాగి, అప్పుడు దెబ్బ వేస్తుంది. చెక్క పేళ్లు ఎగిరిపడతాయి. దారి బయటపడ్డాక మిగతా పని నాలుకది. ఆ నాలుకను నడిపే ఎముకలు పుర్రె వెనక నుంచి చుట్టుకుని నెత్తి మీదుగా ముందుకు వస్తాయి. కొసన జిగురు, చిన్న ముళ్లు. మానులో లోతుగా దాగిన లావుపాటి పురుగును దానితో బయటికి లాగేస్తుంది.

ఇన్ని దెబ్బలకు మెదడు ఎలా తట్టుకుంటుందన్నది చాలాకాలం ప్రశ్న. దెబ్బను పీల్చుకునే మెత్త పుర్రెలో ఉందని పుస్తకాలు రాశాయి. 2022లో బెల్జియం శాస్త్రవేత్తలు మూడు జాతుల వడ్రంగి పిట్టలను వేగవంతమైన కెమెరాలతో తీసి చూశారు. వాటిలో రెండు మన పిట్ట ప్రజాతికే చెందినవి. పుర్రె దెబ్బను పీల్చడం లేదని, తల మొత్తం గట్టి సుత్తిలా పనిచేస్తోందని తేలింది. పీల్చుకునే గుణమే ఉంటే దెబ్బలో బలం పోయేదట. మెదడు చిన్నది కాబట్టి ఆ వేగానికి దెబ్బతినడం లేదు. ఈ పక్షి శరీరంలో ఏదీ వృథా కాదు. తోక, పాదం, మెడ, నాలుక అన్నీ ఒకే ఒక్క వస్తువు కోసం తయారయ్యాయి. ఆ వస్తువు చచ్చిన చెట్టు.

గూడు కూడా అక్కడే. ఆడా మగా కలిసి పెద్ద ఎండు మానులో, మనకందని ఎత్తులో తొర్ర తొలుస్తాయి. దక్షిణ భారతంలో మామూలుగా రెండు గుడ్లు, తెల్లటివి. ఇద్దరూ వంతులవారీగా పొదుగుతారు. పచ్చి చెట్టు చెక్క గట్టిది, తొలచడం కష్టం. సన్నటి చెట్టులో ఇంత పిట్టకు గది చాలదు. అందుకే దానికి కావలసింది లావుపాటి మాను, పైన గట్టిగా ఉండి లోపల బూజు మెత్తబరిచిన చెక్క. బూజు ఆ చెక్కను అలా మెత్తబరచాలంటే చెట్టు ముందు పెద్దదవ్వాలి, తర్వాత ముసలిదవ్వాలి, తర్వాత చావాలి, చచ్చాక కూడా నిలబడే ఉండాలి. ఈ నాలుగు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా ఈ పక్షికి చోటు లేదు. నాలుగింటినీ తప్పించినవాళ్లం మనం.

తొర్ర తొలిచే పిట్ట పోతే పోయేది ఒక్క పిట్ట కాదు. సొంతంగా తొర్ర తొలుచుకోలేక, దొరికిన తొర్రలో సంసారం పెట్టే జీవులు అడవి నిండా ఉన్నాయి. కొండ గోరింకలు, చిలుకలు, చిన్న గుడ్లగూబలు, ఎగిరే ఉడుతలు, తొర్ర తేనెటీగలు అన్నీ ఆ కోవలోవే. పుచ్చి పెద్దదైన పాత తొర్రలు ఇంకా పెద్ద జీవులకు ఉపయోగపడతాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక. రెండూ తొర్రల్లో గుడ్లు పెట్టేవే. దసరా రోజున పాలపిట్టను చూస్తే శుభమని ఊరి పొలిమేర దాకా వెళ్తాం. ఆ పాలపిట్ట పిల్లలను చేసుకోవడానికి తొర్ర ఉన్న ముసలి చెట్టు ఊళ్లో మిగిలిందా అని మాత్రం ఏ దసరాకీ అడగలేదు. పక్షులకు పదవులిచ్చాం, ఇళ్లు తీసుకున్నాం.

తెలియక చేశామనడానికి లేదు. 1980లలో విశాఖ పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికా శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ కలిసి విశాఖ కనుమల పక్షుల గురించి రాశారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. వి. శాంతారామ్ కేరళలోని పీచి-వాజని అభయారణ్యంలో వడ్రంగి పిట్టల మీదే పరిశోధన చేశారు. 2003లో పడమటి కనుమల తెల్లపొట్ట వడ్రంగి పిట్ట మీద ప్రత్యేకంగా ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్ద చెట్లు, ఎండిన మానులు లేకపోతే ఈ పక్షి లేదన్న మాట శాస్త్రంలోకి స్పష్టంగా వచ్చేసింది. అదే శాంతారామ్ మన చిత్తూరు సీమలోని రిషివ్యాలీలో ఉండి పక్షి అధ్యయనం నేర్పారు. అంటే పాఠం మన గడప దాకా వచ్చింది. ఆ పాఠాన్ని తెలుగులోకి, బడి పుస్తకంలోకి, ఫారెస్టు గార్డు శిక్షణలోకి తీసుకెళ్లే పని మనది. ఆ పని చేయవలసినంతగా చేయలేదు.

మొదటి తప్పు లెక్కది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వులయ్యాయి, చెట్టు కలప అయింది. ఆ చట్టం, ఆ ఆంక్షలు గిరిజనుల మెడకు చుట్టుకోవడం రంప కొండల్లో 1922-24 తిరుగుబాటుకు ఒక కారణం. అల్లూరి సీతారామరాజుకు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. ఆయన ఎవరి లెక్కల మీద తిరగబడ్డాడో ఆ లెక్కలను మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా భద్రంగా కాపాడుకున్నాం. ఆ లెక్క ప్రకారం వయసు మీరిన చెట్టు పెరుగుదల ఆగిన చెట్టు, అంటే వడ్డీ రాని పెట్టుబడి. ముందు దాన్ని తీసేయాలి. ఎండినది, ఎండుతున్నది, తెగులు పట్టినది వృథాగా పోతుంది కాబట్టి డిపోకు చేర్చాలి. ఒక పక్షి అన్నం గిన్నె, పడక గది, పురుటి గది ఆ పద్దులో ఘనపు మీటర్లుగా మారిపోయాయి. దొరలు వెళ్లి డెబ్బై ఎనభై ఏళ్లవుతోంది, తప్పును వాళ్ల మీదికి నెట్టడం ఇక చెల్లదు. ఆ తర్వాత సంతకాలు మనవాళ్లవి, ఓట్లు మనవి.

రెండో తప్పు అడవిని తీసి తోట వేసి దాన్నీ అడవే అనుకోవడం. 1970లలో దేశమంతా అటవీ అభివృద్ధి సంస్థలు పుట్టాయి, మన రాష్ట్రంలో 1975లో వచ్చింది. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ కూడా ఎక్కువ రాబడి ఇచ్చే తోటలను అడవి భూముల్లో పెంచమంది. సహజమైన మిశ్రమ అడవి పోయిన చోట నీలగిరి, టేకు వరసలు లేచాయి. నీలగిరిని కొన్నేళ్లకే కొట్టేస్తారు. కొట్టేసేనాటికి అది ఈ పక్షి దృష్టిలో ఇంకా చంటిపిల్ల. వెదురు లారీలకెక్కి కాగితం మిల్లులకు వెళ్లింది. ఆ కాగితం మీదే మనం కథలు రాసుకున్నాం, ప్రత్యేక సంచికలు వేసుకున్నాం, పర్యావరణ దినోత్సవ కరపత్రాలు పంచుకున్నాం. అడవి మీద ప్రేమగా రాసిన మాట ఏ అడవి నుంచి వచ్చిన కాగితం మీద ఉందో రాసినవాళ్లం అడగలేదు, చదివినవాళ్లూ అడగలేదు.

తర్వాత ఆ తోటలనే అడవిగా లెక్కపెట్టాం. భారత అటవీ సర్వే నివేదికల్లో ఒక హెక్టారు పైబడి ఉండి, పైకప్పు పది శాతం దాటిన చెట్ల భూమి ఏదైనా అటవీ విస్తీర్ణంలోకి వస్తుంది. అది ఎవరి భూమి, ఏ చెట్టు అన్న తేడా లేదు. మామిడి తోటైనా, నీలగిరి తోటైనా, కాఫీ తోటైనా ఉపగ్రహానికి పచ్చగానే కనిపిస్తాయి. విస్తీర్ణం పెరిగిందని ప్రభుత్వం ప్రకటించిన ప్రతిసారీ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వేశాం. ఆ పచ్చదనంలో నూరేళ్ల చెట్లు ఎన్ని, నిలువునా ఎండిన మానులు ఎన్ని అనే ప్రశ్న విలేకరిగా వేయలేదు, పాఠకుడిగా వేయలేదు. చింతపల్లి, అరకు వైపు కాఫీ గిరిజన కుటుంబాలకు నిజమైన ఆదాయం తెచ్చింది, అందులో అనుమానం లేదు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం కూడా. కానీ ఆ కాఫీకి నీడనిచ్చే చెట్టు పాత నల్లమద్దా, తానా, లేక ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన సిల్వర్ ఓకా అని కప్పు పట్టుకున్న ఎవరం అడగలేదు. అడిగి ఉంటే, పాత చెట్టును ఉంచిన రైతుకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చే దారి ఏదో దొరికేది.

మూడో తప్పు మొక్కలది. 2015లో తెలంగాణలో హరితహారం, 2016లో ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం మొదలయ్యాయి. మంచి ఉద్దేశంతోనే లక్షల చేతులు మట్టి ముట్టాయి. నేను తప్పు పడుతున్నది మొక్క నాటడాన్ని కాదు, నాటడంతో పని అయిపోయిందన్న ధీమాను. మొక్క రేపటికి పనికొస్తుంది. ఈ పక్షికి ఇవాళ కావలసింది మన ముత్తాతల కాలంలో మొలిచిన చెట్టు. నర్సరీలో దాన్ని పెంచలేం, పథకంలో మంజూరు చేయలేం, ఏ నిధులతోనూ కొనలేం. ఒక పాత తాని చెట్టును కొట్టి దానికి బదులు పది మొక్కలు నాటామని కాగితం మీద రాస్తే లెక్క సరిపోయిందనుకున్నాం. పది మొక్కల్లో ఒక్క తొర్ర లేదు. ఒక తొర్ర తయారయ్యేలోపు ఎన్ని తరాల పిట్టలు గూడు లేకుండా పోతాయో ఆ లెక్కలో గడే లేదు.

నాలుగో తప్పు నేరాన్ని పక్కవాడి మీదికి నెట్టడం. అడవి ఎందుకు పోయిందని అడిగితే మైదానంలో ఉన్న మనం వెంటనే చెప్పే జవాబు పోడు. పోడు కోసం అడవి నరికిన మాట నిజమే. కొండలు బోడులైన చోట్లు ఉన్నాయి. కానీ పోడు కొట్టిన కొండరెడ్డి గిరిజనుడు తన పొలం మధ్య ఇప్పనూ చింతనూ నరక్కుండా వదిలేస్తాడు, అవి అక్కడే ముదురుతాయి. రైలు స్లీపర్లకు, ఓడలకు, మేడల తలుపులకు, మిల్లులకు, రోడ్లకు, గనులకు, జలాశయాలకు పోయిన చెట్టు కొండరెడ్డి ఇంటికి పోలేదు. అది మన ఇళ్లలోకి వచ్చింది. పాపికొండలు 1978లో అభయారణ్యమై, 2008లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. ఆ గోదావరి లోయలో కొంత అడవి పోలవరం ప్రాజెక్టు ముంపులోకి పోతుందని తెలిసినప్పుడు మనం నీటి వాటా గురించి, నిధుల గురించి, ఎత్తు గురించి ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఊళ్లు ఖాళీ చేసినవాళ్ల గోడు కొంతైనా వినబడింది. ఖాళీ చేయమని ఎవరూ నోటీసు ఇవ్వని ప్రాణుల మాట ఆ వాదనల్లో ఎంత వినబడింది?

ఐదో తప్పు అడవిని ఇష్టపడే మన తీరు. మారేడుమిల్లి ఘాట్ మీద శనివారం సాయంత్రం బండ్ల వరస చూడండి. జలపాతం దగ్గర సౌండ్ బాక్సు, గుడిసె కొండ మీద సూర్యోదయానికి తెల్లారకముందే హెడ్‌లైట్లు. దారి పక్కన బొంగు చికెన్ కాలుతూ ఉంటుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు, కింద ఎర్రటి నిప్పులు. అమ్మేవాళ్లకు అది బతుకుతెరువు, వాళ్లను అనడానికి నోరు రాదు. కానీ ఆ నిప్పులు ఎక్కడి కట్టెవి? రాత్రి రిసార్టులో చలిమంట వేసుకుని దాని చుట్టూ పాటలు పాడుకున్నప్పుడు, ఆ మొద్దులో ఎవరు కాపురం ఉండేవారు? డబ్బిచ్చి కొనుక్కున్నది చికెన్ ఒక్కటే అనుకున్నాం. ఎండు కట్టెకు ధర ఎవరూ అడగలేదు కాబట్టి అది ఊరికే వచ్చిందనుకున్నాం. అడవిలో ఊరికే వచ్చేది ఏదీ లేదు.

ఆరో తప్పు చిన్న పిట్టను చూపించి పెద్ద పిట్ట ఉందనుకోవడం. బంగారు వీపు వడ్రంగి పిట్ట మామిడి తోటలో, కొబ్బరి తోపులో, హైదరాబాద్ కాలనీల్లో సర్దుకుపోయింది. దాన్ని చూసి ‘వడ్రంగి పిట్టలకేం, బోలెడు ఉన్నాయి’ అన్నాం. సర్దుకుపోయేవాటిని చూపించి సర్దుకోలేనివాటిని మరిచిపోవడం మనకు అలవాటైంది. అంతర్జాతీయ ఎర్ర జాబితా కూడా ఈ జాతిని ప్రస్తుతానికి భయం లేని కోవలోనే పెట్టింది, ఎందుకంటే బస్తర్ నుంచి ఫిలిప్పీన్స్ దాకా దీని పరిధి పెద్దది. ప్రపంచం మొత్తం మీద భయం లేదన్న మాటను మన కొండకు అన్వయించుకుని నిశ్చింతగా కూర్చున్నాం. ఒక జాతి ప్రపంచంలో మిగిలి ఉండగానే ఒక కొండ మీద, ఒక జిల్లాలో, ఒక దేశంలో అంతరించిపోవచ్చు. అలా జరిగింది కూడా.

ఈ పిట్ట జాతిలోనే ఉత్తరాది రకం ఒకటి కొరియాలో, జపాన్‌కు చెందిన సుషిమా దీవిలో ఉండేది. సుషిమాలో అడవి కొట్టారు, మ్యూజియాల కోసం పిట్టలను కాల్చి పట్టుకెళ్లారు. 1920 ప్రాంతం తర్వాత అది అక్కడ లేదు. జపాన్ ప్రభుత్వం దాన్ని సహజ స్మారకంగా ప్రకటించింది 1923లో. పోయిన తర్వాత రక్షణ వచ్చింది. దక్షిణ కొరియాలో సియోల్‌కు దగ్గరలోని గ్వాంగ్‌నుంగ్ అడవి దాని ఆఖరి ఆశ్రయం. పదిహేనో శతాబ్దపు రాజు సెజో సమాధి చుట్టూ ఉన్న వనం కాబట్టి దాన్ని అయిదు వందల ఏళ్లకు పైగా నరక్కుండా కాపాడారు. పక్షికీ, అది గూడు పెట్టే ఆ అడవికీ 1960లలోనే చట్టపు రక్షణ ఇచ్చారు. అయినా 1990లలో అక్కడా కనబడకుండా పోయింది. చుట్టూ ఉన్న ముసలి అడవులన్నీ పోయాక మధ్యలో ఒక్క వనాన్ని ఎంత భక్తిగా కాపాడినా చాలలేదు. 2010లో ఆ వనం యునెస్కో జీవావరణ రిజర్వు అయింది. గౌరవం చెట్లకు దక్కింది, పిట్ట ఆ గౌరవం చూడలేదు.

మన పాపికొండలు, మన కంబాలకొండ, మన ఏజెన్సీలో మిగిలిన లోయలు ఒక్కొక్కటీ ఒంటరి వనమైపోతున్న ఈ రోజుల్లో ఆ కథ చదివి కొరియా మీద జాలిపడితే లాభం లేదు. వాళ్లు కనీసం పక్షికి పేరు పెట్టి, పాటలు కట్టకపోయినా చట్టంలో చేర్చి, పోగొట్టుకున్నామని బాహాటంగా చెప్పుకున్నారు. మనం పోగొట్టుకుంటున్నది ఏమిటో పేరు పెట్టి చెప్పుకునే స్థితిలో కూడా లేము. కోకిల మీద, చిలుక మీద, హంస మీద రాసినంత మనవాళ్లు ఈ కొండ పిట్టల మీద రాయలేదు. కొండ మీద ఉన్నది మనది కాదనుకున్నాం. రాసేవాళ్లలో ఒకడిగా ఈ మాట నాకు అన్నిటికన్నా బరువుగా ఉంది.

ఇంత తప్పులోనూ ఒక మంచి మాట మనకు దొరికింది. దాన్ని కూడా మనం సరిగా వాడుకోలేదు. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఒక ఉత్తర్వు ఇచ్చింది. జాతీయ ఉద్యానవనాల్లో, అభయారణ్యాల్లో చచ్చిన, చస్తున్న, తెగులు పట్టిన, గాలికి పడిన చెట్లను తొలగించకూడదని. చెట్టుకు తన చోట చనిపోయే హక్కు ఉందని దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాదాపు ఆ మాటే చెప్పింది. అభయారణ్యం గీత దాటాక ఆ రక్షణ లేదు. మన అడవిలో ఎక్కువ భాగం ఆ గీతకు అవతల రిజర్వు ఫారెస్టే. పక్షికి ఆ గీత కనపడదు. ఆ ఉత్తర్వును చూపించి, గీత బయట కూడా కొన్ని ముసలి మానులైనా వదలండని అడిగే గొంతు ఇన్నేళ్లలో మన నుంచి గట్టిగా లేవలేదు. మనం పెట్టే సభల్లో ప్లాస్టిక్ గురించి మాట్లాడాం, పిచ్చుక గురించి మాట్లాడాం, ఎండిన చెట్టు గురించి మాట్లాడలేదు. ఎండిన చెట్టు ఫొటోకు అందంగా ఉండదు, దాని మీద నినాదం కుదరదు.

తప్పు ఒప్పుకోవడం వరకే అయితే ఆత్మవిమర్శ కూడా ఇంకో సుఖమే అవుతుంది. చేయవలసిన పనులు చిన్నవి, స్పష్టమైనవి. అటవీ శాఖ పదేళ్లకోసారి ప్రతి డివిజన్‌కూ వర్కింగ్ ప్లాన్ రాసుకుంటుంది. ఆ ప్రణాళికలో నిలువునా ఎండిన లావుపాటి మానులను లెక్కబెట్టి, గుర్తు వేసి, నరక్కుండా వదలాలన్న షరతు ఉండాలి. అమెరికా జాతీయ అడవుల్లో ఇన్ని మానులు వదలాలనే నియమాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మనకు అది అసాధ్యమేమీ కాదు. రోడ్డు మీదికో ఇంటి మీదికో పడేలా ఉన్న చెట్టును తీసేయాల్సిందే, దాని మీద ఎవరికీ పేచీ లేదు. ఊళ్లో ఆడవాళ్లు నెత్తి మీద మోసుకొచ్చే పుల్లల మోపు జోలికి పోవాల్సిన పని అంతకన్నా లేదు. అడుగుతున్నది అడవి లోపల, ఎవరికీ అడ్డం లేని, కౌగిలించుకుందామన్నా రెండు చేతులూ చాలని పెద్ద మాను గురించి. అటవీ విస్తీర్ణం నివేదిక వచ్చినప్పుడు పత్రికలు ముసలి చెట్ల సంఖ్య అడగాలి. రిసార్టుకు వెళ్లేవాళ్లం చలిమంట వద్దనాలి. కాఫీ కొనేవాళ్లం నీడ చెట్టు ఏదని అడగాలి. మాస్టార్లు పిల్లలకు మొక్క నాటడంతో పాటు ముసలి చెట్టును చూపించాలి, దానిలో ఎవరెవరు ఉంటారో లెక్కపెట్టించాలి. రాసేవాళ్లం కొండ మీద ఉన్నవాటిని వాటి పేర్లతో రాయాలి.

ఇందులో ఖర్చు పెట్టే పని దాదాపు ఏదీ లేదు. ఎక్కువగా ఒక పని మానుకోవడమే. చెట్టును నరకకుండా ఊరుకోవడానికి బడ్జెట్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు, ప్రారంభోత్సవం అసలే అక్కర్లేదు. అంత తేలికైన పనిని కూడా ఇన్నేళ్లూ చేయలేకపోయామంటే, లోటు వనరులది అనుకోవడానికి వీల్లేదు. ముసలిది, ఎండినది, పనికిరానిది అని మనం తీర్పు చెప్పినదాని మీద ఇంకెవరైనా బతుకుతున్నారేమోనని ఆగి చూసే అలవాటు మనకు లేదు. ఆ అలవాటు చేసుకోవాలి. వచ్చే వర్కింగ్ ప్లాన్‌లో ఎండు మానుల షరతు లేకపోతే, దాన్ని రాసిన అధికారిని ఒక్కడినే అనడానికి నాకు అర్హత ఉండదు. అడగాల్సినవాళ్లం అడగనందుకు ఆ తప్పు కూడా మన ఖాతాలోనే పడుతుంది.